వాచ్‌మన్‌ని ముందు అనుమానిస్తారు

గుణుపురం చిన్న రైలు స్టేషన్ ఎదురుగా
పాత్రో గారి అద్దె పుస్తకాల కొట్టు.
రోజుకి పావలా. పేజీ చిరిగితే అర్ధరూపాయి.
ఆఖరి పేజీ చిరిగితే మాత్రం
ఆయన మనిషితో మాట్లాడ్డం మానేసేవాడు.

మా నాన్న దండాసి, రైస్‌మిల్లుకి రాత్రి కాపలా.
లాంతరు, ఈల, గుడ్డసంచీలో ఒక హత్య.
తెల్లారి డ్యూటీ దిగి
చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటూ
జరిగింది జరిగినట్టు చెప్పేవాడు,
హంతకుడి పేరు తప్ప.
"ఏటే గుంటా, ఎవుడు సేసుంటాడు?"

నేను ఎప్పుడూ జమీందారు తమ్ముణ్ణే అనేదాన్ని.

ఆ పుస్తకాల్లో వాన పడాల్సిన రాత్రే పడుతుంది.
గడియారం ఒంటిగంటా పదికి ఆగుతుంది.
లోపల గడియ పెట్టిన గదిలో
వీలునామా ఉండదు, శవం ఉంటుంది.
మే నెల ఎండలో కూడా ఓవర్‌కోటు విప్పని డిటెక్టివ్
సిగరెట్ బూడిద ఒక్క చిటికె నలిపి
ఊరి గుట్టంతా చెప్పేస్తాడు.
ఆ చిటికె కోసం చచ్చిపోయేదాన్ని.
ఇప్పటికీ.

అందులోనే, పదమూడో పేజీలోనో పద్నాలుగులోనో,
వాచ్‌మన్ ఉంటాడు.
నల్లగా ఉంటాడు. కళ్ళు ఎర్రగా ఉంటాయి.
"ఆ ముఖంలోనే నేరం రాసి ఉంది"
అంటాడు డిటెక్టివ్, వేడి కాఫీ తాగుతూ.
రాత్రంతా మేలుకున్నవాడి కళ్ళు
మరే రంగులో ఉంటాయో
ఎన్ని క్లూలు ఏరినా ఆయనకి తట్టదు.
వంటవాడు ఒరియావాడైతే విషం,
నర్సు నవ్విందంటే నడత,
కొండమనిషి కనబడితే బాణం.

నాన్న ఆ చోటల్లా
పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టేవాడు.
తప్పని కాదు, ఒప్పనీ కాదు,
మిల్లులో బస్తాలు లెక్కపెట్టినట్టు.

డెబ్బై తొమ్మిది వానాకాలం
పదకొండు బస్తాలు తగ్గాయి.
జీపు దారి అడక్కుండా మా ఇంటికే వచ్చింది.
ఎస్సై పుస్తకాలు చదివే రకం కాదు.
అయినా అదే వాక్యం, పొల్లు పోకుండా.
నాకది ముందే వచ్చు, పేజీ నంబరుతో సహా.

మూడు రాత్రులు.
నాలుగో పొద్దున నాన్న గోడ పట్టుకుని వచ్చాడు.
అరికాళ్ళకి అమ్మ ఆముదం రాస్తుంటే
కళ్ళు మూసుకునే అడిగాడు:
"ఆ పుస్తకం ఇచ్చీసినావా?
ఇంకా ఇరవై పేజీలున్నాయి."

ఆ నాలుగు రోజుల అద్దె పాత్రో గారు అడగలేదు.

బస్తాలు ఎవరు తీశారో, ఆ ఆఖరి పేజీ దొరకలేదు.
మిల్లు యజమాని తమ్ముడు ఆ దసరాకి
కొత్త స్కూటర్ మీద తిరిగాడు.
క్లూ అంటే క్లూ.

చిన్న రైలు పోయి పెద్ద రైలు వచ్చింది.
కొట్టు మూసే రోజున
రెండు గోనెల హత్యలు రిక్షాలో ఇంటికి తెచ్చుకున్నాను.
ఆస్పత్రిలో నాతో నైట్‌డ్యూటీ చేసే సుబాసిని గమాంగ్
సినిమా పోస్టర్ల మీద తెలుగు నేర్చుకున్న మనిషి.
మొన్న విషబాణం దగ్గర ఆగి పడీ పడీ నవ్వింది:
"మా తాత బాణానికి కుందేలే దొరికేది కాదు సిస్టర్,
ఇతగాడు మేడ కిటికీలోంచి, చీకట్లో!"
నవ్వు ఆగాక కాసేపు ఏమీ అనలేదు.
మూడో బెడ్ సెలైన్ చుక్కలు లెక్కపెట్టి వచ్చింది.
తర్వాత చెయ్యి చాపింది:
"రెండో భాగం ఉందా?"

ముల్లుందని సేప మానేత్తామేటి, అనేవాడు నాన్న.
గొంతులో దిగితే ఏం చెయ్యాలో చెప్పలేదు.
అన్నం ముద్ద నమలకుండా మింగమనేది అమ్మ.
కొన్ని దిగేవి. కొన్ని ఇంకా ఉన్నాయి,
ఉమ్మి మింగినప్పుడు తెలుస్తుంటాయి.

వార్డు నిద్రపోయింది. పదమూడో పేజీ.
అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.
జ్వరం చార్టు పెన్సిల్‌తో టిక్కు పెట్టబోతే
నాన్నది అక్కడే ఉంది, వెలిసిపోయి.
పక్కన నాది పెట్టాను.

వాన మొదలైంది. ఎవరో మేడమెట్లు ఎక్కుతున్నారు.
ఈసారి కూడా
జమీందారు తమ్ముడి మీదే నా అనుమానం.