బరువు పెట్టి చూడాల

ఇస్కపల్లి ఉప్పు కయ్యల పక్కన
మా పసుపు బండి నిలబడి ఇయ్యాళ్టికి నాలుగో పొద్దు.
ఒకప్పుడది స్కూలు బస్సు.
మాలకొండయ్య తోలేవాడు, నేను పిల్లకాయల్ని ఎక్కించి దించేదాన్ని.
స్కూలు మూతబడ్డాక జీతాల బాకీ కింద
బస్సునే రాసిచ్చారు మాకు.
సీట్లు పీకి మంచం వేసినా
ఇప్పటికీ చీపురుకి బలపం ముక్కలు తగులుతానే ఉంటాయి.

కప్పు మీద రెండు సోలారు పలకలు, మంచం కింద బ్యాటరీ,
దాన్ని నమ్ముకుని నా కుట్టుమిషను మోటారు.
ఉప్పు కుప్పల మీద కప్పే పట్టలు కుడతాం, ఊరూరా తిరిగి.
మొన్న సగం పట్టలో
పైకి లేచిన సూది మళ్ళీ కిందికి రాలా.

కావలి అంగడాయన ఫోన్లోనే తేల్చేశాడు,
"బ్యాటరీ పోయింది, పద్నాలుగు వేలు."
నాడి పట్టకుండానే ఇంటికి తీసుకుపొమ్మన్నట్టు.

ఫీజు చూశాం, పోలా.
పలకల మీద కాకిరెట్ట కడిగాం.
మాలకొండయ్య పైకెక్కి తీగ ఊడదీస్తే
కింద మీటరు పట్టుకుంది నేను.
దగ్గరి అంకెలు ఆయనకి ఆనవు.
"ఇరవై పాయింట్ నాలుగు!"
"అయితే బాగున్నట్టే గదా?"
"బాగుండాననే చెప్తా ఉండాది."

ఉప్పు గీకే వజ్రమ్మ, ఫోను చార్జింగుకని వచ్చి
గుమ్మంలో నిలబడి అంది:
"మా కయ్యల్లో ఎండ ఒక్క పూట నాగా పెట్టలా,
మీ బండి మీదే పెట్టిందా?"
మా ఇద్దరికీ కోపమొచ్చింది.

ఆ రాత్రి చీకట్లో చెల్లెలు ఫోను చేసింది.
"ఎట్టుండావక్కా?"
"బాగుండా."
"మావ?"
"బాగుండాడు."
మిగిలిన రెండు శాతానికి ఆ మాటలు సరిపోయినాయి.
పడుకున్నాక అనిపించింది,
ఏమీ మొయ్యని తీగ
ఎవరడిగినా ఇరవై అనే అంటాదేమోనని.

తెల్లారి ఏదీ ఊడదీయకుండా,
అన్నీ తగిలించి, బ్యాటరీకి కలిపే చదివాం,
మిట్టమధ్యాహ్నం, పని చేయించతా.
పలక కాడ పద్దెనిమిది.
కింద పెట్టె కాడ పన్నెండు.
నా గుండె జల్లుమంది.
పన్నెండేళ్ళు సాయంత్రాల్లో తలకాయలు లెక్కబెట్టినదాన్ని.
ఎక్కినోళ్ళు పద్దెనిమిది, దిగినోళ్ళు పన్నెండు,
మజ్జెలో ఆరుగురు యాడ?

తీగ వెంబడే పోయాం, స్టాపు స్టాపుకీ ఆగతా.
నిచ్చెన వెనక, నీడలో,
నల్లటేపు చుట్టిన అతుకు, ముట్టుకుంటే సుర్రుమంది.
టేపు విప్పితే పచ్చగా చిలుము,
తోమని రాగిచెంబు అడుగు మాదిరి.
పోగులు వేళ్ళ మధ్య పొడైపోయినాయి.
ఉప్పుగాలికి ఒక ఏడాది చాలింది.

ఆ అతుకు మైపాడులో వేసింది.
ఆ పొద్దు మేమిద్దరం పోట్లాడుకున్నాం.
నేను టేపు పైకి విసిరికొడితే
ఆయన అట్నే అందుకుని, చుట్టేసి, మాట్లాడకుండా దిగొచ్చాడు.
పోట్లాట దేనికో ఇద్దరికీ గుర్తు రాలా.
టేపు మాత్రం లెక్కబెడితే మూడు చుట్లే.

కొత్త రాగి మెరిసేదాకా తీగ కోసి, గీకి,
సీసం పోసి, గ్రీజు పూసి, గొట్టం తొడిగాడాయన.
నేను పైన తొమ్మిది చుట్లు చుట్టినా.
మళ్ళీ చదివితే
పైన పదమూడున్నర, కింద పదమూడు.
పద్దెనిమిది పదమూడుకి దిగిందేందని బిక్కచచ్చాం ముందు.
తర్వాత ఆయనే అన్నాడు,
"మోసేటప్పుడు కొంచెం వంగాల గదే."
ఆ అర వోల్టు సంగతా?
వెనక సీట్లో ఎవడో నిద్రపోయుంటాడు లే.

సూది కిందికి దిగింది.
వజ్రమ్మ ఫోనూ, ఆమె పంపిన ఇంకో అయిదూ
కిటికీ పక్కన వరసలో వేలాడతా ఉండాయి.
పొద్దుగూకినాక చెల్లెలికి నేనే చేశా.
"ఎట్టుండావక్కా?"
"మోకాలు లేవనీటం లేదు," అన్నా,
"మావకి కళ్ళు ఆనటం లేదు, అద్దాలు చేయించాల."
చెల్లెలు కాసేపు పలకలా.
తర్వాత చాలాసేపు మాట్లాడింది.

తూర్పున మబ్బు. అల్పపీడనమంట.
ఇంకా పదకొండు కుప్పలకి పట్టలు కుట్టాల.