ఎడమ సీటు

బురుల్చా రెండు తాళంచెవులు నా బల్ల మీద పెట్టింది.
"రెండూ మూడ్రోజులకి అడిగి తెచ్చాను. చూసి చెప్పు.
అబద్ధం చెప్పావో, నీ షెడ్డులో మళ్ళీ టీ తాగను."

ఒకటి ఆడీ వంద. తొంభై ఒకటిలో జర్మనీలో పుట్టింది.
మా నారిన్ చేరేసరికి దానికి ఐదుగురు యజమానులు,
మూడు రంగులు, ఒక అరువు డోరు.
రెండోది హోండా ఫిట్. జపాన్‌లో ఎవరో ముసలమ్మ
కూరగాయలకి మాత్రమే వాడిందట.
అమ్మేవాళ్ళంతా ఇదే చెబుతారు.
జపాన్‌లో అంతమంది ముసలమ్మలు ఉండరు.

బానెట్లు ఎత్తాను.
ఆడీ ఐదు సిలిండర్లతో గొంతు సవరించుకుని
పంచాయితీ పెద్దలా మొదలుపెట్టింది.
వాల్వ్ కవరు దగ్గర నూనె చెమట, వయసుకి తగ్గట్టే.
ఫిట్ ఇంజను నడుస్తోందో లేదో
చెయ్యి పెట్టి చూసుకోవాల్సి వచ్చింది.

ఒకే పొద్దున రెండిటినీ దోలోన్ కనుమ ఎక్కించాం.
మూడు వేల మీటర్ల దగ్గర గాలి పల్చబడుతుంది,
మనిషికైనా యంత్రానికైనా అసలు గుణం అక్కడ బయటపడుతుంది.
ఆడీ మూడో గేరులో తల తిప్పకుండా ఎక్కింది,
పెట్రోలు మాత్రం పెళ్ళివిందులో బావమరిదిలా తాగింది.
ఫిట్ దోమలా రొద పెట్టింది, లారీల వెనక నక్కింది,
ఎక్కింది. ఎక్కడమైతే ఎక్కింది.
ఖర్చు చూస్తే సగమే.

ఇక సామాను. ఆమె బతుకు షిర్దాక్‌ల మీద,
చుట్టితే రెండు మీటర్లుండే ఉన్ని తివాచీలు.
ఆడీ డిక్కీలో పట్టవు, కిటికీలోంచి కాళ్ళు చాపుతాయి.
ఫిట్ సీట్లు మడిస్తే నేల చాపలా పరుచుకుంది:
నాలుగు చుట్టలు, ఒక పాలక్యాను, ఇంకా చోటుంది.
గొర్రెని కూడా ఎక్కించి చూసింది.
గొర్రె అభ్యంతరం చెప్పలేదు.

"అయితే ఫిట్టే కదా?"
"ఆగు," అన్నాను. "స్టీరింగు కుడివైపు ఉంది.
మన బళ్ళు పోయేదీ రోడ్డుకి కుడిపక్కనే.
ముందు లారీ ఉంటే నీకు కనబడేది దాని చక్రం, గట్టున గడ్డి.
ఎదురుగా ఏం వస్తోందో ఎడమ సీట్లో మనిషికే తెలుస్తుంది.
ఒంటరిగా నడిపితే ప్రతి ఓవర్‌టేకూ జూదమే.
నా మాట విని ఆడీ తీసుకో.
పెట్రోలుకి ఏడుస్తావు గానీ, ఏడవడానికి మిగిలుంటావు."

ఆమె చాలాసేపు టీలో చెంచా తిప్పుతూ కూర్చుంది.
గనిలో పని పోయి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి
ఆమె మొగుడు ఇమనాలి గోడకేసి చూస్తూ ఉంటాడని
మా వీధంతా ఎరుగుదుం.
రోజుకి నాలుగు మాటలు; అందులో రెండు కుక్కకి.

ఎనభై వేల సోమ్‌లు ఎక్కువిచ్చి ఫిట్ కొంది.
నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు మండింది.
నెలరోజులు నేనే ఆమెని టీకి పిలవలేదు.

అక్టోబరులో, మొదటి మంచు రాలిన మర్నాడు,
కనుమ మలుపుల్లో బొగ్గు లారీ వెనక ఇరుక్కున్నాను.
నా వెనక ఫిట్. అద్దంలో ఇద్దరూ కనబడ్డారు.
ఇమనాలి కిటికీలోంచి సగం బయటికొచ్చి
మెడ సాచి చూస్తున్నాడు.
పెదాలు కదిలాయి: ఆగు. ఆగు. ఇంకా ఆగు.
తర్వాత ఏమన్నాడో నాకు తెలీదు.
ఆమె ఎటూ చూడకుండా తొక్కేసింది.

లారీనీ నన్నూ కలిపి
దోమ దాటిపోయింది.