కోడి పొదిగిన కాలు

పద్ధెనిమిది వందల రూపాయలు.
ఆ అంకెను గోడమీద రాసుకున్నాను,
కడపలో మా వర్క్‌షాపు తలుపు తీయగానే కనబడేటట్టు.
ముప్పై వేల కాలును అంతకు దించిన ఏడాది అది.
ఒక్కో మరనూ ఊడబీకి,
మడమలో రబ్బరు తగ్గించి,
వేళ్ళకు బదులు గీతలు గీసి
దించుకుంటూ పోయాం, బావిలోకి చేద దించినట్టు.
నీళ్ళు తగిలాయో లేదో ఎవరూ తొంగిచూడలేదు.

ఎర్రగుంట్ల దాటి, నాపరాళ్ళ గనుల దారిలో
దస్తగిరమ్మ ఇల్లు.
లారీకెత్తే బండ జారి
తొడ కింద కాలు పోయిన మనిషి.
పోయినేడు కాలు తొడిగి, ఫోటో తీసి,
చప్పట్లు కొట్టి వచ్చేశాం.
ఈసారి ఫారం నింపడానికి పోయాను.
కాలు వాడుకలో ఉందా? ఉంది, లేదు.

"వాడకంలోనే ఉండాది సామీ. నేను గాదు."
మూలకు చెయ్యి చూపింది.
గోడకు ఆనించిన కాలు.
తొడ దూర్చే గిన్నె నిండా వరిగడ్డి,
గడ్డిమీద నల్లకోడి,
పక్కకు తిరిగి ఒంటికంటితో
నన్నే చూస్తూ.

"అగ్గవ అంటిరి. అగ్గవే, కోడికి.
నాకే పిరియం.
తొడుక్కోని రాయి కాడికి పోతే
గొంతుకూచోను రాదాయె, ఉలి పట్టను రాదాయె.
సంగటి కెలికేటప్పుడు
కుండను పాదాలతో అదిమి పట్టల్ల గదా,
సెగకు బొటనేలు మెత్తబడి కుండకే అతుక్కునె.
మర వదులైతే కడపకు రమ్మంటిరి.
బస్సుకు పోను రాను, దినం కూలి,
లెక్కెయ్యి, సదువుకున్నోనివి.
ఆ రంగొకటి, పాలకోవా మాదిరి!
యా దొరసాని కాలు ఎత్తుకొచ్చినావని
పిల్లోళ్ళు ఎంటబడిరి."

ఫారంలో ఇన్ని మాటలకు చోటు లేదు.
మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ తర్వాత మూడు నెలలు
నేను చూసినవి చిన్నచిన్నవి.
బండమీద గీత గీసేముందు ఆమె
చూపుడువేలిని ఉమ్మితో తడపడం.
ఎండ నెత్తికెక్కాక చెమట ఏ పక్కనుంచి కారుతుందో.
ఎర్రగుంట్లలో సైకిళ్ళు బాగుచేసే మాబువల్లి దగ్గర
ఏ సైజు పానాలున్నాయో.
(మూడే ఉన్నాయి. మరలన్నీ ఆ మూడింటికే కుదించాను.)
పాదానికి లారీ టైరు ముక్క.
మోకాలు పూర్తిగా మడిచే కీలు కోసం
నాలుగుసార్లు తప్పాను.
ఐదోసారి కూడా తప్పే,
ఆమే ఒక తోలుముక్క ఇరికించి సరిచేసింది.
రంగు అడిగితే బయటికి తీసుకుపోయి
తన మోచేతిని ఎండకు పెట్టి చూపింది.

గోడమీది అంకె చెరిపాను.
నాలుగు వేల నూరు.
"ధర పెరిగిందని
దుడ్లిచ్చేవాళ్ళకు ఏం చెప్పాలయ్యా?"
మేనేజరు చిరాకు. నాకూ తెలీలేదు.
రమ్మని గనికి పిలుచుకుపోయాను.

ఆమె కాలు మడిచింది.
కూర్చుంది.
మూడు దెబ్బలు, నాలుగోదానికి
బండ గీత వెంబడే చీలింది, తెల్లగుడ్డ చింపినట్టు.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
పక్క కూలీ ఒకడు, "ఇంగోటి గీయక్కా" అన్నాడంతే.

సాయంత్రం బేరానికి దిగింది.
"నూరు తగ్గించు. నెలకింతని కడతా."
సంస్థ ఇస్తుంది, నువ్వు కట్టక్కర్లేదన్నాను.
మా సీమలో డబ్బును లెక్క అంటారు.
"ఊర్కె ఇచ్చినది కోడికి పోయె సామీ.
దీన్ని లెక్కిచ్చి కొంటా.
అప్పుడు ఇరిగితే నిన్ను తిట్టేకి నాకు హక్కుంటాది."

నూరు తగ్గించాను.
మొదటి కంతు, చెమట వాసనతో,
రవికలోంచి తీసి నా చేతిలో పెట్టింది.
పాత కాలు తీసుకుపోతానని
మూల వైపు అడుగేశానో లేదో
కోడి రెక్కలు విప్పింది.
"ఆగు ఆగు, తొమ్మిది గుడ్ల మీదుండాది.
ఇంగా పదైదు దినాలు."