రొయ్య మీసం తీసే చప్పుడు

ఐదింటి బస్సు పర్లాకిమిడిలో ఎక్కి
బరంపురంలో దిగేసరికి దుకాణాలింకా షట్టర్లెత్తలేదు.
సంచిలో టిఫిను డబ్బా, పద్దెనిమిది వేలు,
ఒక ఆకురాయి,
దువ్వెన కాబోయి విరిగిపోయిన గేదెకొమ్ము ముక్క.

మొదటి దుకాణంలో కుర్రాడు అడిగాడు,
"పెళ్ళికా మేడం, పూరీ యాత్రకా?"
"కొమ్ముకి" అన్నాను.
పక్కవాడితో ఒడియాలో ఏదో అని నవ్వాడు.
నాకు ఒడియా వచ్చని వాడికి తెలీదు.

"ముప్ఫై రెట్లు దగ్గరికి లాగుతుంది,
చందమామ మీది గుంటలు లెక్కపెట్టుకోవచ్చు."
నాక్కావలసిన చందమామ
బైరాగి మామ మోకాలి మీద, జానెడు దూరంలో ఉంటుంది.
కొమ్ము ముక్క అంత దగ్గర పెడితే
చత్వారమొచ్చిన గుమస్తాలా
వెనక్కి వెనక్కి జరిగింది ఆ పెద్ద కన్ను.

రెండోది బొమ్మ భలేగా తీసింది.
గాజుబల్ల మీద వాలిన ఈగ రెక్కలో ఈనెలు కూడా పట్టింది.
వీడియో మాత్రం పావుగంటకి వేడెక్కి ఆగిపోతుందట,
మధ్యలో కాస్త ఆరనివ్వాలట.
మా పని మొదలయ్యేదే వేడెక్కాక.
బొగ్గుల మీద కొమ్ము మెత్తబడి
కొంగ మెడలా వంగే క్షణానికి
ఇది నిద్రపోతే ఎవర్ని లేపను?

మూడో చోట ఇంక మొహమాటపడలేదు.
వీడియో నొక్కమని చెప్పి
కౌంటరు మీదే కొమ్ము పెట్టి ఆకురాయి ఆడించాను.
గర్ర్, గర్ర్, ఆగి, ఉఫ్‌మని పొడి ఊదాను.
కాలిన వెంట్రుకల వాసన లేచింది.
చార్జరు కొనడానికొచ్చిన ఒకావిడ ముక్కు మూసుకుంది.

వరసగా నాలుగింటితో విన్నాం.
ఒకదాంట్లో పైన తిరిగే ఫ్యాను తప్ప ఏమీ లేదు.
ఒకదాంట్లో ఆకురాయి ఉంది, ఊదడం లేదు.
మూల గీత పడిందని అద్దాల వెనక్కి నెట్టేసిన
అరచేతిలో పట్టే నల్ల డబ్బా ఒకటి
నా ఊపిరిని కూడా దాచింది.
బయటి మైకు పెట్టే కన్నం ఉంది. తెర తిరగబడుతుంది. చెయ్యి వణికినా బొమ్మ వణకదు.
గీత పేరు చెప్పి పదకొండు వందలు తగ్గించాను.

ఇంటికొచ్చాక ఇంకో పేచీ.
తెర మీద పచ్చ చదరం ఒకటి మనిషి మొహం కోసం వెతుకుతుంది.
మామ తల వంచితే బట్టతల తప్ప మొహమెక్కడిది?
అది పోయి గోడ మీది కేలండరు అమ్మవారిని పట్టుకుంది.
ఆ తెలివి ఆపేసి
ఆయన బొటనవేలి మీద నా వేలితో నొక్కాను.
గోరు ఏదో, కొమ్ము ఏదో
కెమెరాకీ ఒక నిమిషం పట్టింది.

రొయ్యకి మీసాలు తీస్తున్నాడు.
వెలుతురుకి ఎదురుగా పెడితే
తేనె రంగు నల్లలోంచి పైకొస్తుంది.
"ఇదేటే గుంటా, నీ డబ్బా సూస్తాదా, ఇంటాదా?"
"రెండూనూ" అని చెవి దగ్గర అరిచాను.
"అయితే నాకన్నా నయం."

నలభై ఏళ్ళ రంపం ఆయన చెవుల్ని ఎప్పుడో అరగదీసింది.
మీసం తెగేముందు చప్పుడు సన్నబడుతుందని
నాకు నేర్పింది ఆయనే,
ఇప్పుడు ఆయనకి వినబడదు.
వేలికి తెలుస్తుందంటాడు.

తీసింది వేసి చూపించాను.
బొమ్మ వంక చూడలేదు.
డబ్బా అడుగున చిల్లుల మీద బొటనవేలు ఆనించి
కళ్ళు మూసుకుని కాసేపు కూర్చున్నాడు.
"ఆఁ. కొమ్మే.
ఇక్కడ జోరుగా తోసీసినాను, సూడు,
మీసం బతికిపోనాది."

ఇంకోసారి వెయ్యమన్నాడు. మళ్ళీ ఇంకోసారి.
మూడోసారి సగంలో తెర నల్లబడింది.
రెండో బ్యాటరీ కొనమని కుర్రాడు బతిమాలాడు పాపం,
వెయ్యి రూపాయలు మిగుల్చుకున్నానని
బస్సులో మురిసిపోతూ వచ్చాను.

తోక రేపు చేస్తానన్నాడు.
వీధిలో కరెంటు ఆరింటికి గాని రాదట.