మెలన్ బన్ను అయిపోయింది

"ఇందులో మీరు కూడా ఉన్నారు ఆంటీ" అని
కనమె ఆ డబ్బా నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు,
మార్చిలో, హైస్కూలు మూసేసే వారంలో.
ఇరవయ్యారేళ్ళు మురోరాన్‌లో
ఆ చిన్న కిటికీ వెనక బన్నులమ్మిన దాన్ని,
ప్రేమకథ ఆటలో నాకేం పని అని నవ్వాను.
వాడు నవ్వలేదు.

తెర వెలిగింది. చెర్రీ పూలు.
మొదటి వాక్యం వచ్చి ఆగింది.
నేనూ ఆగాను.
టీ చల్లారిపోయింది.
ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు మారింది.
పూలు రాలుతూనే ఉన్నాయి, మాట మాత్రం కదలదు.
పాడైందేమోనని ఫోను చేస్తే
"గుండ్రటి బటన్ నొక్కాలి.
మీరు నొక్కేదాకా అందులో ఎవరూ మాట్లాడరు" అన్నాడు.

పేరు అడిగింది. తోకియె అని కొట్టాను.
అంతే, పదిహేడేళ్ళ కుర్రాణ్ణయిపోయాను.
చెప్పుల అరల దగ్గర హోనామి అనే పిల్ల
"తోకియె, నీకు రోజూ ఆలస్యమేనా?" అంది.
'గారు' తీసేసి నన్నొకరు పిలిచి ఎన్నాళ్ళయిందో!
లేచి కిటికీ తెర లాగాను,
వీధిలో ఎవరో చూస్తున్నట్టు.

తప్పులు పట్టకుండా ఉండలేకపోయాను.
ఏప్రిల్‌లో పూలా? మా దగ్గర అప్పటికింకా
రోడ్డు పక్కన మసిబారిన మంచు కుప్పలే.
అందరూ మేడ మీద కూర్చుని తింటారట.
మా మేడ తాళం తుప్పు పట్టి
ఇద్దరు ప్రిన్సిపాళ్ళు మారారు.
అమ్మాయిలందరిదీ ఒకటే ముఖం, జుట్టు రంగులే వేరు.
అయినా పన్నెండు దాటింది, నిద్ర రాలేదు.

తర్వాత మూడు దారులు చూపించింది:
నిజం చెప్పు.
మాట దాటెయ్.
వాన గురించి మాట్లాడు.
వానైతే నాకు తెలిసిన విషయం కదా అని అదే నొక్కాను.
మర్నాటి నుంచి హోనామి ఆ దారిన రాలేదు.
వేసవి వచ్చింది, పరీక్షలొచ్చాయి,
చేసినవాళ్ళ పేర్లు పైకి జారిపోయాయి.
నల్లటి తెరలో నా కళ్ళద్దాలు.

"ముందు దాచుకోవాలి ఆంటీ, తర్వాత ఎంచుకోవాలి.
తప్పినా వెనక్కి రావచ్చు."
ఎంత తేలిగ్గా అన్నాడో.

నాలుగో రాత్రి దొరికాను.
మధ్యాహ్నం గంట, వరండా, తోపులాట.
కిటికీ గీశారు గానీ లోపల మనిషిని గీయలేదు.
చెయ్యి కూడా లేదు.
పేరు ఉండాల్సిన చోట 'బన్నుల ఆంటీ'.
ఒక్కటే మాట:
"మెలన్ బన్ను అయిపోయింది నాయనా."
కుర్రాడు ఉసూరుమంటాడు.
హోనామి తనది సగం తుంచి ఇస్తుంది.
సంగీతం మారుతుంది.

బటన్ మీంచి వేలు తీసేశాను.
అబద్ధం అది.
అయిపోలేదు.
అట్టపెట్టె అడుగున గుడ్డ కింద
మూడో నాలుగో ఎప్పుడూ ఉంటాయి.
ఓసారి ఒక పిల్లాడు జేబులో చిల్లర
లెక్కపెట్టిందే లెక్కపెడుతూ,
వెనకున్న పిల్ల వైపు చూడకుండా చూస్తూ నిలబడితే
"ఒక్కటే మిగిలింది, ఏం చేసుకుంటారో మీ ఇష్టం" అన్నాను.
ఇద్దరూ మెట్ల వైపు నడిచారు.
ఆ తర్వాతేమైందో తెలీదు.
నా కిటికీలోంచి మెట్ల మలుపు దాకానే కనబడుతుంది.

ఈ ఆట రాసినవాళ్ళకి ఆ గుడ్డ సంగతి
ఎవరు చెప్పారో మరి.

దాచుకునే గళ్ళు ఇరవై.
ఇరవైలోనూ ఆ మధ్యాహ్నమే పెట్టుకున్నాను.

ఆదివారం కనమె ఫోను చేశాడు, సప్పొరోలో కొత్త గది నుంచి.
"ఎవరి కథ పూర్తి చేశారు?"
"ఎవరిదీ కాలేదు. అది సరే గానీ,
రెండేళ్ళు రోజూ రెండు బన్నులు కొనేవాడివి,
తినేటప్పుడు ఒక్కడివే ఉండేవాడివి. రెండోది ఎవరికిరా?"

అటు నుంచి చాలాసేపు ఏమీ రాలేదు.
వెనక ఎక్కడో ట్రామ్ వెళ్ళింది.
నేను ఏ బటనూ నొక్కలేదు.