పేరు తియ్యకుండ

మెట్టుగడ్డల హాస్టల్, మూడో అంతస్తు.
కూలర్ల నీళ్లు ఎండిపోయి రెండు గంటలైంది.
ముబీన మంచం మీద నా లాప్‌టాప్,
అండ్ల ఒక నల్ల కిటికీ,
కిటికీ ముందట ఒక కాపలాదారు.

కొత్తగ నేర్చుకునేటోళ్లకు పెట్టిన చిక్కుముడి ఇది.
లోపల ఫైలొకటి ఉన్నది, పేరు ఫ్లాగ్.
తెరిచి చదివితే పది పాయింట్లు.
క్యాట్ అని కొట్టిన.
ఈ మాట చెల్లదన్నది.
ఫ్లాగ్ అన్న. అదీ చెల్లదు.
రెండు మాటల నడుమ ఖాళీ విడిచిన,
ఖాళీ కూడా చెల్లదట!
"ఉత్త ఊపిరికి పన్నేసే ఊరు, ఇదేం ఊరే" అని
ముబీన వేళ్లకంటిన సకినాల పొడి నాకుకుంట నవ్వింది.

నాకు మా నాయినమ్మ యాదికొచ్చింది.
దేవరకద్ర, పింఛను కాయితాలు రాసే దినం.
"పెనిమిటి పేరు?" అన్నడు గుమాస్తా.
సవారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని
"పొద్దు మునిగినంక మొగులు మీద మొలుస్తయి సూడు సారూ,
అండ్ల ఒకటి."
"చంద్రయ్యా?"
"గంత పెద్దోడు కాదు."
లైనంత నవ్వింది.
గుమాస్తా రాసుకున్నడు: చుక్కయ్య.

ఆమె ఇంట్ల దీపం ఆరిపోదు, కొండెక్కుతది.
చీకటి పడ్డంక పాము తిరగదు, పురుగు తిరుగుతది.
బియ్యం అయిపోవు, నిండుకుంటయి.
వానలు మొకం చాటేసిన ఏండ్లల్ల
ఎన్నిసార్లు నిండుకున్నయో ఆ గుమ్మి!

సరే అని మళ్ల కూసున్న.
క్యాట్ నడుమ రెండు కొటేషన్లు పెట్టిన, లోపల ఏం లేకుండ,
పన్ను ఊడిన సందు లెక్క.
కాపలాదారుకు అది ఎన్నడు వినని మాట, పోనిచ్చిండు.
లోపలి షెల్లు ఆ సందును మింగి
అసలు మాటే విన్నది.
ఖాళీకి ఒక మారుపేరున్నదని ముబీన చెప్పింది:
డాలరు గుర్తు, మీసాల బ్రాకెట్లల్ల మూడు పెద్దక్షరాలు.
ఏం లేనిదానికి గూడ పేరు పెట్టినోడెవడో!

ఇగ ఫైలు పేరు మిగిలింది.
ముందటి రెండక్షరాలు కొట్టి ఆగిన.
షిఫ్ట్ వత్తి ఎనిమిది నొక్కితే
తెర మీద చుక్క మొలిచింది.
మిగిలింది నువ్వే సూసుకో సారూ, అన్నట్టు.

తాతా.

ఎంటర్ కొట్టిన. పొడుగు వరుసొకటి వచ్చి పడ్డది,
మళ్ల మీసాల బ్రాకెట్లే. పది పాయింట్లు.
ముబీన అప్పటికే గురక.

నోట్సుల రాసుకున్న:
వద్దన్న మాటల పట్టీ పట్టుకొని నిలబడ్డోడు
పట్టీల లేని మాటకు సలాం కొట్టి తలుపు తీస్తడు.
రేపు నన్ను కాపలా పెడితే
రానిచ్చేవి నాలుగు రాసుకోవాలె.
బయటోళ్ల మాట షెల్లు చెవిన అసలు పడనియ్యకపోతే ఇంకా మేలు.

బోయపల్లి గేటు దిక్కు రైలు కూసింది.
పొద్దున్నే ఫోన్ చేసి చెప్పిన,
పేరు తియ్యకుండనే తాతను పిలిచిన నాయినమ్మా అని.

కొంచెంసేపు ఏం అనలేదు.
"గట్ల పిలిస్తేనే పలుకుతుండె" అన్నది.