జానెడు పక్కకు

కల్లూరు అవతల ఎర్రమట్టి ప్లాటులో
సున్నంతో గీత గీసినాను,
వరండా తలుపు నుంచి ప్రహరీ దాకా,
చీమ కూడా పక్కకు తప్పనంత సూటిగా.

"అట్లే ఉండాల," అనింది విశాలాక్షమ్మ.
ముప్పై రెండేండ్లు లెక్కల టీచరు.
కొలనుకు నాలుగు మూలలు, మూలకొక కుండీ,
ఇటు ఎన్ని నూరువరహాల మొక్కలో అటు అన్నే.
చెట్టయినా సరే, ఆమెకు జవాబు సరిపోవాల.

ఓబులేసప్ప నవ్వినాడు.
బోరుబండి చప్పుడుకు చెవులు మందగించిన మనిషి.
"ఆరున్నర అంగుళాల బొక్కలోంచే చూసినా
ఇన్నాళ్ళూ నీళ్ళను. అదీ పడితే.
దుమ్ము లేచిన బొక్కలే ఎక్కువ.
ఇప్పుడు అడ్డంగా చూడాల,
యాడ ఆగుతాయో తెలీకుండా."

రెండు రాత్రులు ఒకే కాగితం మీద
ఇద్దరినీ కూర్చోబెట్టినాను.
ఆమెకు గీత. ఆయనకు అంచు లేని అంచు:
పడమట గట్టు తగ్గించి
నల్ల కడప రాయి మీదుగా నీళ్ళు పలచగా జారి
కింది కాలువలో వడగట్టుకొని మళ్ళీ పైకి.
ఒక పక్క కత్తిరించిన వావిలి కంచె,
ఇంకో పక్క కత్తెర ముట్టని బోదగడ్డి, తంగేడు.
తంగేడనేసరికి ఆమె మొగం చిట్లించింది:
"డబ్బిచ్చి బీటి చెట్టు పెట్టుకుంటారా ఎవురన్నా?"

బేతంచెర్ల బండలు పరుస్తా పరుస్తా
మద్దిలేటి ఒకదాని దగ్గర ఆగినాడు.
బండలో చెట్టుంది.
కొమ్మలు, రెమ్మలు, సన్నటి ఆకులు, అన్నీ నల్లగా.
"మొక్క కాదులేమ్మా, నీళ్ళే.
ఎప్పుడో పగుల్లో దూరి మరక గీసి పోయినాయి."
దాని మీద కాళ్ళు పడటం అతనికి మనసొప్పలేదు.
వరసలోంచి జానెడు పక్కకు జరిపినాడు.

గీత చెడింది. తిట్టబోయినాను.
అప్పటికే టీచరమ్మ చెప్పులిడిచి కూర్చొని
వేలితో ఆ కొమ్మల్ని లెక్కబెడతా ఉంది,
మధ్యలో మర్చిపోయి
మళ్ళీ మొదట్నుంచి.

పదకొండు ట్యాంకర్లు.
హుస్సేన్ పీరా పైపు వదలగానే నీళ్ళు
బుద్ధిగా నా గీత వెంబడి పోయినాయి,
మూలలు నింపినాయి,
తెల్లారేసరికి పడమటి అంచు దాటినాయి
ఎవర్నీ అడక్కుండా.

ఓబులేసప్ప పంచె ఎగ్గట్టి మొదటి మెట్టు దిగినాడు.
రెండోది దిగలేదు.
"ఈత రాదు," అన్నాడు
బండి పక్కన నిలబడి అరిచినట్టు.
"నాకూ," అనింది ఆమె, చెట్టు బండ మీద నుంచే.

టేపు చుట్టుకుంటా నిలబడినాను.
పొడుగడిగినా, వెడల్పడిగినా, రంగులడిగినా.
లోతు మాత్రం
నేనే వేసినాను.